చెబితే వినే వయసు



"ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటాం లెండి" అనే మాట మన సమావేశాల్లో తరచుగా వింటుంటాను. అనేవాళ్లకు నలభై దాటి ఉంటాయి, అంతే. ఈసారి పాఠం వాళ్ల కోసం. నా కోసం కూడా.

ధమ్మపదం పండిత వగ్గానికి ఉన్న అట్ఠకథలో రాధుడనే పేద బ్రాహ్మణుడు కనిపిస్తాడు. ముసలితనంలో దిక్కులేక శ్రావస్తిలో విహారానికి చేరాడు. గడ్డి చెక్కేవాడు, గదులు ఊడ్చేవాడు, భిక్షువులకు నీళ్లు అందించేవాడు. వాళ్లు ఆయన్ని బాగానే చూశారు గానీ, దీక్ష అడిగితే మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆ దిగులుతో చిక్కిపోయాడు. సంగతి తెలిసిన బుద్ధుడు భిక్షువులను పిలిచి, ఈయన చేసిన మేలు ఎవరికైనా గుర్తుందా అని అడిగాడు. సారిపుత్రుడికి గుర్తుంది. ఒకప్పుడు రాజగృహంలో భిక్షకు వెళ్తే గరిటెడు అన్నం పెట్టాడట. చివరికి సారిపుత్రుడే ఆయనకు దీక్ష ఇచ్చాడు.

మనం కథను ఇక్కడ ఆపి కృతజ్ఞత గురించి చెప్పేస్తాం. అసలు సంగతి తర్వాత ఉంది. "ఇది చెయ్యి, ఇది చెయ్యకు" అని సారిపుత్రుడు అడుగడుగునా దిద్దాడు. ముసలాయన ముఖం చిట్లించుకోలేదు, చెప్పినట్టే చేశాడు. కొద్ది రోజుల్లోనే అర్హంతుడయ్యాడు. శిష్యుడు ఎలా ఉన్నాడని బుద్ధుడు అడిగితే, ఎంత తప్పు చూపినా కోపం రాని మనిషి అని సారిపుత్రుడు చెప్పాడు. ఈ గుణాన్నే పాళీలో సోవచస్సతా అంటారు. మంగళ సుత్తంలో మనం పలికే మాటే, ఎంతమంది గమనించారో గానీ.

బర్మాలో ప్రభుత్వ లెక్కల శాఖ ఉద్యోగి ఊ బా ఖిన్ 1937లో ధ్యానం మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు 37 ఏళ్లు. ఆయన గురువు సయా తెజీ ఒక రైతు. ఆఫీసు మనిషి వెళ్లి రైతు ముందు కూర్చున్నాడన్నమాట. 1948లో అకౌంటెంట్ జనరల్ అయ్యాక, ఉద్యోగం చేస్తూనే 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రం పెట్టారు.

నలభై దాటాక జ్ఞాపకశక్తి కన్నా, ఎవరైనా దిద్దితే పడలేకపోవడమే పెద్ద అడ్డు. నా సంగతే చూడండి. బి.ఏ. చదివి ఇరవై ఏళ్లు భూమి పట్టాల కోసం తిరిగాను. ప్రతి కేసుకూ వకీలు గుమ్మంలో నిలబడలేక నలభై నాలుగో ఏట మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరాను. మొదటి ఇంటర్నల్ పరీక్షలో ఒక ప్రశ్నకు నాలుగు పేజీలు రాశాను. మా మేడమ్ నాకన్నా పదిహేనేళ్లు చిన్న. పేపర్ మీద ఎర్రసిరాతో "ఇది ఉపన్యాసం. సెక్షన్ ఎక్కడ?" అని రాశారు. మైకు పట్టుకుంటే చప్పట్లకు అలవాటుపడ్డ ప్రాణం! రెండు రోజులు కాలేజీకి పోలేదు.

మూడో రోజు వెళ్లి ఎలా రాయాలో చెప్పమన్నాను. ముందు జరిగిన విషయం, తర్వాత దానికి వర్తించే సెక్షన్, దాని మీద కోర్టు తీర్పు, ఆ పైన అది ఈ కేసుకు ఎలా సరిపోతుందో రాయమన్నారు. అదే జవాబు మూడుసార్లు తిరగరాయించారు. మూడోసారికి ఒకటిన్నర పేజీ అయింది.

ఇప్పుడు రెండో ఏడాదిలో ఉన్నాను. పోయిన నెల ఒకావిడ పట్టా కాగితాలు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. అలవాటు కొద్దీ భూమి, హక్కు అంటూ మొదలుపెట్టబోయి ఆగాను. "ముందు ఏం జరిగిందో తారీఖులతో సహా చెప్పమ్మా" అని నోట్‌బుక్ తీశాను.