పట్టు వెనుక విలువ

ప్రశ్న: గ్రామసభలో ఊరు రెండుగా చీలినప్పుడు ఇరువర్గాలకూ ఉమ్మడిగా ఉన్న విలువను గుర్తించడం ఎలా?
– ఒక పాఠకుడు, కంచిలి

జవాబు: సభలో వినిపించేది పట్టు, అంటే ఫలానాది కావాలి లేదా వద్దు అనే మాట, చాలాసార్లు బయటపడకుండా మిగిలిపోయేది విలువ, అంటే ఆ మనిషి దేన్ని పోగొట్టుకోలేడో అది. శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతపు బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పుడు సమర్థించినవారు ఉద్యోగాలను చూపగా, వ్యతిరేకించినవారు సాగునీరు, చేపల వేట, పశువుల మేత పోతాయన్నారు. లోతుగా చూస్తే రెండు వాదాల అడుగునా ఉన్నది ఒకే దిగులు: బతుకుతెరువు కోసం ఊరు విడిచి వలస పోవలసి వస్తుందన్న దిగులు. సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతానికి వలస కొత్తది కాదు. ఊళ్లోనే బతకగలగడం అనేదే ఇరువర్గాల ఉమ్మడి విలువ. ఆ ప్రాతిపదికపై మాట కుదరకుండానే 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ రద్దు చేసింది కూడా ఆ రోజే కావడం మరువరాని విషాదం.

అందుకే సభ నడిపేవారు చేతులెత్తించడానికి ముందే, ‘ఇది జరిగితే ఏది పోతుంది, జరగకపోతే ఏది పోతుంది’ అని ఒక్కొక్కరినీ, ముఖ్యంగా వెనుక వరుసల్లో కూర్చునే మహిళలనూ మత్స్యకారులనూ అడిగి, వారి మాటల్లోనే రాయించాలి. విలువ ఒకటే అయినా నష్టం అందరికీ సమానం కాదు గనుక, ఎవరి నష్టం పూడ్చలేనిదో కూడా ఆ కాగితం మీదే ఉండాలి.