వెళ్ళేవాళ్ళు వెళ్ళినా నిలిచిన జట్టు – అయాక్స్ క్లబ్బు చరిత్ర



ఒక జట్టులో బాగా ఆడేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే ఆ జట్టు ఎన్నాళ్ళు నిలుస్తుంది? పదో తరగతి అన్నలు ఈ వేసవికి వెళ్ళిపోతారు కాబట్టి మన హాస్టల్లో ఇప్పుడు అందరి నోటా ఇదే మాట. నెదర్లాండ్స్ దేశంలో అయాక్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. కొందరు అజాక్స్ అని కూడా పలుకుతారు. ఈ ప్రశ్నకు జవాబు దాని చరిత్రలో ఉందని నాకు అనిపించింది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

పేరు, పుట్టుక

నెదర్లాండ్స్ యూరప్‌లో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం. హాలెండ్ అని కూడా అంటారు. దాని రాజధాని ఆమ్‌స్టర్‌డామ్. 1900 మార్చి 18న ఆ నగరంలో కొందరు మిత్రులు కలిసి ఈ క్లబ్బును స్థాపించారు. గ్రీకు కథల్లో ట్రాయ్ యుద్ధం చేసిన ఒక వీరుడి పేరు దానికి పెట్టారు. ఆ వీరుడి తల బొమ్మే క్లబ్బు గుర్తు. 1990లో ఆ బొమ్మను మార్చి 11 గీతలతో గీయించారు. పదకొండు మంది ఆటగాళ్ళకు పదకొండు గీతలన్నమాట! 2025లో మళ్ళీ పాత బొమ్మనే తెచ్చుకున్నారు.

ఒక గురువు

1915లో జాక్ రేనాల్డ్స్ అనే ఇంగ్లండు దేశస్థుడు కోచ్‌గా వచ్చాడు. మధ్యలో కొన్నేళ్ళు తప్పితే 1947 వరకు ఆయనే నేర్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆయన్ని పట్టుకుపోయి శిబిరంలో బంధించారు. యుద్ధం అయిపోయాక తిరిగి వచ్చి మళ్ళీ మైదానంలో దిగాడు. పెద్ద జట్టు ఎలా ఆడుతుందో చిన్నపిల్లల జట్లు కూడా అలాగే ఆడాలి, ఇదీ ఆయన పద్ధతి. అప్పుడు చిన్నవాడు పెద్ద జట్టులోకి వెళ్ళినా బెదిరిపోడు. ఆయన చివరి రోజుల్లో ఆ జట్టులో ఆడిన ఒక కుర్రాడి పేరు రీనస్ మిచెల్స్. ఈ పేరు గుర్తు పెట్టుకోండి.

పక్క వీధి పిల్లవాడు

యోహాన్ క్రైఫ్ 1947లో పుట్టాడు. అతని ఇల్లు క్లబ్బు మైదానానికి నడిచి వెళ్ళేంత దగ్గర. పదో పుట్టినరోజు నాడు క్లబ్బు పిల్లల జట్టులో చేరాడు. అతని నాన్న కూరగాయలు, పళ్ళు అమ్మేవాడు. 1959లో ఆయన చనిపోయాడు. అప్పుడు యోహాన్‌కు 12 ఏళ్ళు. ఇల్లు గడవడానికి వాళ్ళమ్మ ఆ క్లబ్బులోనే ఊడ్చి తుడిచే పని చేసింది.

1964 నవంబరులో, 17 ఏళ్ళకు, అతను పెద్ద జట్టులో ఆడాడు. మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు గాని జట్టు 3–1తో ఓడింది. ఆ సీజన్‌లో అయాక్స్ 16 జట్లలో 13వ స్థానానికి పడిపోయింది. 1965 జనవరిలో రీనస్ మిచెల్స్ కోచ్‌గా వచ్చాడు. 1966లో అదే జట్టు దేశ విజేత అయ్యింది!

టోటల్ ఫుట్‌బాల్ అంటే ఏమిటి?

మన భోజనశాలలో అన్నం వడ్డించేవాడు నీళ్ళకు వెళ్తే పక్కవాడు వెంటనే గరిటె అందుకుంటాడు కదా. వరుస ఆగదు. మిచెల్స్ నేర్పిన ఆట కూడా ఇలాంటిదే. వెనక కాపలా ఉండేవాడు బంతితో ముందుకు వెళ్తే, ఇంకొకడు అతని చోటుకు వస్తాడు. అంటే ప్రతివాడికీ పక్కవాడి పని కూడా వచ్చి ఉండాలి. 1969లో యూరోపియన్ కప్ ఫైనల్లో మిలాన్ చేతిలో 4–1తో ఓడారు. తర్వాత 1971, 1972, 1973లో వరసగా మూడుసార్లు ఆ కప్పు గెలిచారు.

వెళ్ళిపోయారు – మళ్ళీ తయారయ్యారు

1971లో మిచెల్స్ స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్బుకు వెళ్ళాడు. 1973లో కెప్టెన్ పదవికి ఆటగాళ్ళు ఓట్లు వేసుకుంటే క్రైఫ్ ఓడాడు. అతనూ బార్సిలోనాకే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత 22 ఏళ్ళు ఆ కప్పు రాలేదు. కాని పిల్లలకు నేర్పడం మాత్రం ఆపలేదు. 1995లో మిలాన్‌నే 1–0తో ఓడించి కప్పు తెచ్చుకున్నారు. ఆ గోల్ కొట్టిన పాట్రిక్ క్లైవర్ట్ వయసు 18. అతను క్లబ్బు పిల్లల జట్లలో పెరిగినవాడే.

అదే ఏడాది డిసెంబరులో యూరప్ న్యాయస్థానం బోస్మన్ అనే బెల్జియం ఆటగాడి కేసులో తీర్పు చెప్పింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో వేరే దేశపు క్లబ్బుకు వెళ్తే, పాత క్లబ్బు డబ్బు అడగకూడదు. ఆటగాళ్ళకు ఇది న్యాయమే. కాని నేర్పిన క్లబ్బుకు దెబ్బ తగిలింది. 1997లో క్లైవర్ట్ కూడా పైసా రాకుండానే మిలాన్‌కు వెళ్ళిపోయాడు.

అయినా 2019లో ఏమైందో చూడండి. తొమ్మిదేళ్ళప్పుడు క్లబ్బులో చేరిన మథైస్ డి లిఖ్ట్ 19 ఏళ్ళకే కెప్టెన్. ఆ జట్టు రియల్ మాడ్రిడ్‌ను వాళ్ళ మైదానంలోనే 4–1తో ఓడించి సెమీఫైనల్‌కు వెళ్ళింది. అక్కడ ఆఖరి నిమిషంలో ఓడింది. ఆ వేసవిలోనే డి లిఖ్ట్ ఇటలీకి వెళ్ళిపోయాడు.

నేను అనుకునేది

1995 తర్వాత 2025 వరకు అయాక్స్‌కు ఆ పెద్ద కప్పు మళ్ళీ రాలేదు. నేర్పినంత మాత్రాన కప్పు వస్తుందని ఎవరూ చెప్పలేరు. కాని 2022 నాటికి 36 సార్లు దేశ విజేత అయ్యింది. వాళ్ళ పిల్లల శిక్షణ మైదానం పేరు ‘డి టూకొమ్‌స్ట్’. అంటే ‘భవిష్యత్తు’.

మన దగ్గర సాయంత్రం బంతి ఎప్పుడూ పెద్దవాళ్ళ కాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆరో తరగతి తమ్ముళ్ళు గట్టు మీద కూర్చుని చూస్తుంటారు. వారానికి రెండు రోజులు బంతి వాళ్ళకు ఇచ్చి, అన్నలే నేర్పేలా చేయాలని వార్డెన్ గారిని కోరుతున్నాను. అన్నలు వెళ్ళే లోపే ఇది మొదలవ్వాలి.

జవాబులు చెప్పండి:
1. రేనాల్డ్స్ పద్ధతి ఏమిటి?
2. బోస్మన్ తీర్పు ఎవరికి లాభం, ఎవరికి నష్టం?
3. మీకు వచ్చిన ఆటను ఎవరికి నేర్పారు?