వెలయిచ్చి కొన్న కళ్లము

పాఠ్యభాగము: 2 సమూయేలు 24వ అధ్యాయము

దావీదు దేవునికి ఇష్టుడైన రాజు. అయినను ఊరియా విషయములో చేసినదే అతని కడపటి పాపము కాదు. తరువాతి కాలమున కత్తి దూయగల వారిని లెక్కింపుమని ఆజ్ఞాపించెను. యోవాబు వలదనెను. అనేకుల రక్తము చిందించిన ఆ సేనాపతికి తోచినది దేవుని అభిషిక్తునికి తోచలేదు. తొమ్మిది నెలల ఇరువది దినములకు ఇశ్రాయేలులో 8,00,000 మంది, యూదాలో 5,00,000 మంది తేలిరి. పిమ్మట తెగులువలన 70,000 మంది చనిపోయిరి.

పాపము రాజుది, చావు ప్రజలది. ఈ చిక్కును మనము తేలికచేసి చెప్పరాదు. యెహోవాయే రాజును ప్రేరేపించెనని సమూయేలు గ్రంథమును, సాతాను ప్రేరేపించెనని దినవృత్తాంతములును చెప్పుచున్నవి. వాక్యము దాచనిదానిని మనము దాచనేల? దావీదు మాత్రము దేవుని దయను చాటు చేసికొనలేదు. ఈ గొఱ్ఱెలు ఏమి చేసెనని మొఱ్ఱపెట్టి, శిక్షను తన యింటిమీదికి కోరుకొనెను.

దేవుడు ఇక చాలునని దూతను ఆపినది యెబూసీయుడైన అరౌనా కళ్లమునొద్ద. కళ్లమనగా ఏమో కృష్ణా డెల్టా వారికి చెప్పనక్కరలేదు. కోత యంత్రములు రాకముందు పశువులచేత తొక్కించి, తూర్పారబట్టి, రాశి పోసినది అక్కడనే. కూలివారి గింజలును, గ్రామ వృత్తులవారి మేరయు అక్కడనే కొలిచెడివారు. రైతు గాదె నిండకముందే ఇతరుల బాకీ తీరవలసిన చోటు అది.

అరౌనా ఎవరు? దావీదు ఎవరి పట్టణమును పట్టుకొనెనో ఆ జాతివాడు. కళ్లమును, ఎడ్లను, నూర్చుకర్రలను ఊరకనే తీసికొమ్మనెను. మంచి మనస్సుతోనే అనియుండవచ్చును. కాని రాజు వచ్చి అడిగినప్పుడు లేదనగల రైతు ఎవడు? దావీదు ఆ మాటను ఆసరా చేసికొనక, ఏబది తులముల వెండి ఇచ్చి కొని, బలి అర్పించెను.

ఇక్కడ మనము రెండు సంగతులు గమనింపవలెను. వెల ఇయ్యకముందే దేవుడు దూతను ఆపెను. కాబట్టి ఆ వెండి కనికరమునకు వెల కాదు. అది పొరుగువానికి చెల్లవలసిన బాకీ. మరియు ఆ స్థలముననే సొలొమోను మందిరము కట్టెను గాని, చనిపోయిన ఆ డెబ్బదివేలమంది తిరిగి రాలేదు. దేవుని దయ పాపిని విడువదు. జరిగిన కీడు జరుగలేదనియు చెప్పదు.

మనము పండుగకు తెచ్చు తొలిపంట కానుకలో కూలివానికి కొలువని గింజలు ఉన్నవా? ఉన్నయెడల, బలిపీఠమునకు వచ్చుటకు ముందు కళ్లమునకు పోవుదము.