బాకీ పడ్డ అధ్యాయాలు

 

మొన్న ఆదివారం స్త్రీల కూడిక అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే మా సంఘంలోని ఒక చెల్లి నా చెంగు పట్టుకుని పక్కకి లాగింది. మొహం చూస్తే అప్పు అడగబోతున్నట్టే ఉంది. "అక్కా, ఈ ఏడు కూడా లేవీయకాండం దగ్గరే ఆగిపోయాను. 11 దాటలేదు. ఇప్పటికి 42 అధ్యాయాలు బాకీ" అంది. అప్పు సంగతే చూశారా! కాకపోతే అప్పిచ్చింది దేవుడట.

నవ్వొచ్చినా నవ్వలేదు. ఆ బాకీ నేనూ ఎన్నేళ్లో మోశాను. మనందరి కథా ఒకటే కదా. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కళ్లు తుడుచుకుంటూ తీర్మానం చేసుకుంటాం, ఈసారి బైబిలు మొత్తం చదివేస్తానని. లెక్క కూడా తేలికే. మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకి 3, ఆదివారం మాత్రం 5 చదివితే ఏడాదిలో అయిపోతుంది. ఆదికాండం 50 అధ్యాయాలూ పరుగెత్తినట్టు వెళ్లిపోతాయి. యోసేపు కథ దగ్గరైతే పొయ్యి మీద కూర మాడినా తెలియదు. నిర్గమకాండంలో సముద్రం దాటేదాకా ఏ ఢోకా లేదు. ఆ తర్వాత గుడారం కొలతలు మొదలవుతాయి, మూరలూ తెరలూ కొలుకులూ దిమ్మలూ. సరిగ్గా జనవరి నెలాఖరుకి లేవీయకాండం ఎదురొచ్చి నిలబడుతుంది. సంక్రాంతి సెలవులకి ఊరెళ్లి తెచ్చిన మాసిన బట్టల మూట అప్పటికింకా విప్పనే విప్పం.

ఒకరోజు తప్పుతుంది. మర్నాడు ఆరు చదవాలి. ఆరు కుదరక అదీ తప్పుతుంది, ఇక తొమ్మిది. వారం తిరిగేసరికి బైబిలున్న అల్మారా ముందు నుంచి వెళ్లాలంటే వడ్డీవ్యాపారి అరుగు ముందు నుంచి వెళ్తున్నట్టుంటుంది. తల దించుకుని దాటేస్తాం.

నా సంగతి చెప్తాను, మా పాస్టరమ్మ గారి దాకా పోనివ్వకండి. ఒక ఏడాది చదవాల్సినవన్నీ గళ్లు గీసి ఉన్న చార్టొకటి ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాను. 14 అధ్యాయాలు వెనకబడ్డాను. ఒక శనివారం రాత్రి అందరూ పడుకున్నాక కూర్చుని ఏకబిగిన అన్నీ కానిచ్చేసి, ఎర్ర పెన్నుతో 14 టిక్కులు పెట్టి పడుకున్నాను. పొద్దున మావారు "రాత్రంతా ఏం చదివావు?" అన్నారు. సంఖ్యాకాండం అన్నాను. "ఏముంది అందులో?" అన్నారు. "సంఖ్యలు" అన్నాను.

అదే పుస్తకం 27వ అధ్యాయంలో సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురు, మగదిక్కు లేని అక్కచెల్లెళ్లు, మోషే ముందు నిలబడి మా నాన్న వాటా మాకివ్వండని అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే తీర్పు చెప్పాడు. ఆడపిల్లల ఆస్తి గొడవల్లో ఇళ్లకి ఇళ్లే విడిపోయిన ఊరు మాది. అంతటి ముక్క ఆ రాత్రి నా కళ్ల ముందు నుంచే పోయింది, నేను చూడనే లేదు. గడి మీద టిక్కు మాత్రం ఉంది.

ఇలాంటి చార్టుల్లో బాగా పేరున్నది స్కాట్లాండులోని డండీలో పాస్టరుగా ఉన్న రాబర్ట్ మర్రే మెక్‌షేన్ తన సంఘం కోసం 1842లో తయారుచేసింది. రోజుకి నాలుగు అధ్యాయాలు. ఏడాదికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధనా కీర్తనలూ రెండేసి సార్లు పూర్తవుతాయి. మర్సటేడే, 29 ఏళ్లకే ఆయన పోయాడు. పట్టిక మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. నాకైతే పట్టిక కన్నా దానితోపాటు ఆయన రాసిన హెచ్చరికలే ఎక్కువ ఇష్టం. ఇది మొక్కుబడి తంతు అయిపోవచ్చు, చదివేశానన్న అతిశయం రావచ్చు, పరాకుగా చదవచ్చు, కొందరికి మోయలేని కాడి కావచ్చు అని ముందే చెప్పాడు. నా ఫ్రిజ్ తలుపు మీద ఆ నాలుగూ ఉన్నాయి.

మా నాన్నమ్మకి చార్టు లేదు. చిన్నప్పుడు చదువే లేదు. పెళ్లయి వచ్చాక, మిషను తరఫున పల్లెలు తిరిగే బైబిలు స్త్రీ ఒకావిడ వేపచెట్టు కింద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిందట. మన పల్లెల్లో ఎంతమంది ఆడవాళ్లకి ఆ బైబిలు స్త్రీలే మొదటి పంతులమ్మలో! నాన్నమ్మ చదవడం నాకింకా కళ్లకి కట్టినట్టుంది. తెల్లవారుజామునే పొయ్యి అంటించి, ఎసరు పెట్టి, ఆ మంట వెలుగులోనే పీట మీద కూర్చునేది. అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, కూడబలుక్కుంటూ, గొణుగుతున్నట్టు చదివేది. ఎసరు మరిగేలోపు ఎంతైతే అంత. నాలుగు వచనాలు కావచ్చు, ఒక చిన్న కీర్తన కావచ్చు. తర్వాత బియ్యం పోసి, బైబిలు మూసి గూట్లో పెట్టేసేది. చేలో కలుపు తీస్తున్నా ఆ నాలుగు ముక్కలే ఆమె నోట్లో మెదిలేవి. నాన్నమ్మ బైబిల్ని నములుతుందని మేం పిల్లలం నవ్వుకునేవాళ్లం.

ఆమెది పాతకాలపు అసలు పద్ధతని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. యెహోషువ మొదటి అధ్యాయంలో, మొదటి కీర్తనలో ధ్యానించడం అని మనం చదివేచోట హీబ్రూలో ఉన్న మాట 'హాగా'. ధ్యానం అనగానే మనకి కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోవడం గుర్తొస్తుంది. హాగా అంటే నోటితో చేసే పని, లోగొంతుతో గొణగడం. యెషయా 31లో వేటని పట్టుకున్న సింహం గుర్రుమనడానికీ ఆ మాటే, 38లో గువ్వ మూలుగుకీ ఆ మాటే. అపొస్తలుల కార్యాలు 8లో రథం మీద పోతున్న ఐతియొపీయ అధికారి యెషయా గ్రంథం చదువుతున్నాడని ఫిలిప్పుకి ఎలా తెలిసింది? పైకి చదువుతుంటే వినబడింది కాబట్టి!

అందుకే ఆ చెల్లికి చెప్పాను. కళ్లు పేజీ మీదున్నా మనసు ఇడ్లీపిండి మీదుంటోంది అంటున్నావు కదా, పైకి చదువు. నోరూ చెవీ రెండూ పనిలో ఉంటే మనసు అంత తేలిగ్గా పారిపోలేదు. పాత అనువాదంలో గ్రాంథికం కొరుకుడు పడదు నిజమే. పైకి చదివితే సగం దానంతటదే విడుతుంది, మిగతా సగానికి వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పక్కన పెట్టుకో, తప్పేం లేదు. పాతదాన్ని మాత్రం వదలకు. 'అందుకాయన' అన్న మాట ఎక్కడ చదివినా నాకు నాన్నమ్మ గొంతే వినిపిస్తుంది.

ఆ ఎసరు సంగతి మళ్లీ ఎత్తాలి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే ఆవిడ, ఆమె తోటివాళ్లు 2009లో ఒక పరిశోధన ప్రకటించారు. 96 మందిని తలా ఒక కొత్త అలవాటు ఎంచుకోమన్నారు. రోజూ జరిగే ఏదో ఒక పనికి దాన్ని ముడిపెట్టమన్నారు, టిఫిను తిన్నాక ఫలానాది చేస్తాను అన్నట్టు. అప్రయత్నంగా చేసే స్థితి రావడానికి సగటున 66 రోజులు పట్టిందట. కొందరికి 18 రోజులే చాలితే, కొందరికి 254 దాకా పట్టొచ్చని లెక్క తేలింది. (66 అనగానే మన బైబిల్లో పుస్తకాల సంఖ్య అని నేను ఎగిరి గంతేశాను. మా కతోలిక స్నేహితురాలు "మావి 73, మాకింకో వారం పడుతుందేమోలే" అంది.) నాకు ఊరటనిచ్చింది వేరే ముక్క. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటుకి చెప్పుకోదగ్గ నష్టమేమీ జరగలేదట.

అది ముందే తెలిసుంటే ఆసుపత్రి వరండాలో అంత ఏడుపు ఏడ్చేదాన్ని కాదు. ఫోన్‌లో బైబిలు యాప్ పెట్టుకుని, వరసగా 83 రోజులు చదివాను. రోజూ ఆ అంకె పెరుగుతుంటే అదో సంబరం. 84వ రోజు అత్తయ్యగారికి ఆయాసం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాం. రాత్రంతా ఆమె వీపు నిమురుతూ, వచ్చిన కీర్తనలన్నీ చెవిలో చెబుతూనే ఉన్నాను. తెల్లారి ఫోన్ తీస్తే అంకె సున్నా. అత్తయ్యగారు కోలుకుని ఇడ్లీ తింటున్నారు, నేను సున్నాని చూసి ఏడుస్తున్నాను. "ఏమైందే?" అని అడిగితే ఏం చెప్పను?

ఆ తర్వాత అంకెల జోలికి పోలేదు. నాన్నమ్మ ఎసరుకే తిరిగొచ్చాను. నాకు కట్టెల పొయ్యి లేదు కాబట్టి మొదట పాలు కాగేటప్పుడు చదవాలనుకున్నాను. పాలతో మాత్రం పెట్టుకోకండి. రూతు బోయజు కళ్లంలో అడుగుపెట్టేసరికి మా స్టవ్వంతా పాలే. కుక్కరు నయం, విజిలేసి మరీ పిలుస్తుంది. మూడు విజిళ్ల లోపు ఒక అధ్యాయం, పైకి, పెరటి గుమ్మంలో కూర్చుని. ఫోన్ పడగ్గదిలో ఉంటుంది. రోజుకొక్క అధ్యాయమే అయితే బైబిలంతా అయ్యేసరికి మూడేళ్లు దాటుతుంది. దాటనీ! కొత్త నిబంధన ఒక్కటే అయితే 260 అధ్యాయాలు, వారానికి ఐదు చదివినా ఏడాదికి సరిపోతుంది, రెండు రోజులు సెలవు కూడా. ఇంకో మాట, నైట్ డ్యూటీ చేసి ఇల్లు చేరే నర్సు చెల్లెళ్లకి తెల్లవారుజామునే చదవాలని దయచేసి ఎవరూ ఉపదేశం చేయకండి. వాళ్ల తెల్లవారుజాము సాయంత్రం నాలుగింటికి వస్తుంది.

వాట్సాప్‌లో గులాబీ పువ్వు మీద రాసి వచ్చే వచనం చదివితే చదివినట్టు కాదా అని అడిగేవాళ్లున్నారు. పోపు వాసన చూస్తే కడుపు నిండదమ్మా. కొత్త సంవత్సరం రోజున మనం తీసుకునే వాగ్దానపు కార్డులదీ అదే దారి. యిర్మీయా 29లో, దేవుడు మన మేలుకోసమే ఆలోచిస్తున్నాడని చెప్పే 11వ వచనం ఎంతమంది ఇళ్లలో గోడ మీదుందో! దానికి ముందు వచనం చదివితే 70 ఏళ్లు అని ఉంటుంది. బబులోను చెరలో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరమది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేసుకోండి, తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని దాని సారం. కార్డు పారేయమనడం లేదు. కార్డులో ఏ వచనం వస్తే ఆ అధ్యాయమంతా చదవమంటున్నాను, అంతే.

ఇక లేవీయకాండం. దాన్ని నేను విసుక్కోవడం మానేసింది 12వ అధ్యాయం దగ్గర. ఎనిమిదే వచనాలు, రెండో విజిల్‌కే అయిపోయాయి. బాలింత శుద్ధి సంగతి అది. రోజులు నిండాక ఏడాది గొర్రెపిల్లని తేవాలి, అంత స్తోమత లేనిదైతే రెండు గువ్వలో రెండు పావురపు పిల్లలో తేవాలి. చదివాను, మూశాను, మర్చిపోయాను. కొన్ని నెలల తర్వాత లూకా 2 చదువుతున్నాను, క్రిస్మస్‌కి ఏటా వినేదే. యోసేపూ మరియా బిడ్డనెత్తుకుని దేవాలయానికి వెళ్లారు. పట్టుకెళ్లింది గువ్వలు. కుక్కరు విజిలేస్తూనే ఉంది, నేను లేవలేదు. గొర్రెపిల్లకి డబ్బుల్లేవు వాళ్ల దగ్గర! ఆ మాట లూకా ఎక్కడా చెప్పలేదు, గువ్వలని మాత్రం చెప్పి ఊరుకున్నాడు. లేవీయకాండం చదివినవాళ్లకి అది చాలు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నన్ను మొదటిసారి మా ఊరి గుడికి ఎత్తుకెళ్లినప్పుడు అమ్మ కానుకగా ఆరు కోడిగుడ్లు పట్టుకెళ్లిందట. ఆరాధనయ్యాక కానుకల వేలంలో ఆ గుడ్లు ఎవరో పాడుకున్నారట. ఎప్పుడు చెప్పినా అమ్మ ఆ ముక్క కాస్త గొంతు తగ్గించి చెప్పేది. లూకా చదివిన ఆ రోజు మా కుక్కర్లో పప్పు అడుగంటింది.

చెల్లికి ఇదంతా చెప్పి, "నీ 42 నాకొదిలేయ్, నేను తీర్చుకుంటాను. రేపు 12 తియ్యి, ఎనిమిదే వచనాలు" అన్నాను. "మరి వదిలేసినవి?" అంది. "అవి ఎక్కడికీ పోవు, వచ్చే తడవ అక్కడే ఉంటాయి" అన్నాను. సగం నమ్మినట్టు తలూపి వెళ్లింది.

గురువారం పొద్దున ఫోన్ చేసింది. వెనక మిక్సీ చప్పుడు.

"అక్కా, 14కి వచ్చాను. ఇంటి గోడ మీద పచ్చగానో ఎర్రగానో చారలు కనిపిస్తే యాజకుడికి చెప్పాలని ఉంది చూశావా? మా వంటింటి గోడ చూడు, పైవాళ్ల పైపు కారి కారి అచ్చం అలాగే ఉంది. ఫోటో పెట్టాను. పాస్టరుగారిని పిలవనా, పెయింటర్ని పిలవనా?"

"ముందు సామాను బయట పెట్టించు" అన్నాను. "36వ వచనంలో అదే ఉంది."

పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత వేలు పెట్టి, మెల్లగా, పైకి చదవడం మొదలుపెట్టింది.