ప్రకృతి వైద్యులు ఏం చేస్తారు?



"మందు బిళ్ళ లేకుండానే జబ్బు తగ్గుద్దంట. నిజమేనా టీచరమ్మా?" అని మా చదువు కేంద్రంలో ఒక పెద్దమ్మ అడిగింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. షుగరు కూడా ఉంది. ప్రకృతి వైద్యానికి వెళ్ళమని చుట్టాలు చెప్పారట. మంచి ప్రశ్నే అడిగింది. ఈ పాఠంలో దాని గురించే చదువుదాం.

మట్టి, నీరు, ఎండ, గాలి, ఆకాశం. ఈ అయిదింటితో చేసేదే ప్రకృతి వైద్యం. ఆకాశంతో వైద్యం ఏమిటి అంటారా? ఆకాశం అంటే ఖాళీ. పొట్టను ఖాళీగా ఉంచడం, అంటే ఉపవాసం.

ఇది మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. జర్మనీ దేశంలో లూయీ కూనే అనే ఆయన ఈ వైద్యం మీద ఒక పుస్తకం రాశాడు. డి. వెంకటచలపతి శర్మ గారు 1894లోనే దాన్ని తెలుగులోకి తెచ్చారు. హిందీ కంటే మనమే ముందు! గాంధీగారికి ఈ వైద్యం మీద చాలా నమ్మకం. 1946లో ఆయన పూనా దగ్గర ఉరళీ కాంచన్ అనే ఊళ్ళో ప్రకృతి వైద్యశాల పెట్టించారు. మన గోదావరి జిల్లాల్లో అయితే భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు గారి ప్రకృతి ఆశ్రమం పేరు చాలా మంది విని ఉంటారు.

ప్రకృతి వైద్యుని దగ్గరకు వెళ్తే ముందు చీటీ రాయరు. కూర్చోబెట్టి చాలాసేపు అడుగుతారు. పొద్దున్నే ఏం తింటారు? టీ ఎన్నిసార్లు తాగుతారు? విరోచనం రోజూ అవుతుందా? నిద్ర పడుతుందా? ముట్టు సరిగ్గా వస్తుందా? ఇలాంటివి చెప్పడానికి సిగ్గు పడకండి. దాస్తే నష్టం మనకే. తరువాత బరువు చూస్తారు. బి.పి. చూస్తారు. పాత ఆసుపత్రి కాగితాలు ఉంటే అడుగుతారు. వాటిని తప్పక పట్టుకెళ్ళండి.

తరువాత చికిత్స. పొట్ట మీద మట్టి పట్టీ వేస్తారు. నడుం వరకు నీళ్ళు పోసిన తొట్టిలో కూర్చోబెడతారు. ఆవిరి స్నానం, మర్దన, ఎనిమా కూడా ఉంటాయి. ఆడవాళ్ళకు ఇవన్నీ ఆడవాళ్ళే చెయ్యాలి. "ఆడ మనిషి ఉందా?" అని ముందే అడగండి. లేదంటే వద్దని చెప్పి లేచి వచ్చేయండి. తప్పేం లేదు.

మట్టి అంటే గుర్తొచ్చింది. కొందరు ఇంటి దగ్గరే పొలం మట్టి తెచ్చి రాసుకుంటారు. మన పొలాల్లో ఎన్ని ఎరువులు, ఎన్ని పురుగు మందులు పడుతున్నాయో మీకు తెలియనిదా? పైమట్టి అసలు వాడకూడదు. వైద్యశాలల్లో మూడు నాలుగు అడుగుల లోతు నుంచి మంచి మట్టి తీస్తారు. ఎండలో బాగా ఎండబెట్టి, జల్లించి, నానబెట్టి వాడతారు. కోసుకున్న చోట, పుండు ఉన్న చోట ఏ మట్టీ పెట్టకూడదు.

తిండి విషయంలో వీళ్ళు బాగా పట్టుబడతారు. ఉప్పు తగ్గించమంటారు. ఆవకాయ, ఎండు చేప, నూనె వంటలు మానమంటారు. మూడు పూటలా తెల్లన్నం వద్దంటారు. దంపుడు బియ్యం, ఆకుకూరలు, కూరగాయ ముక్కలు, పళ్ళు తినమంటారు. మన కోనసీమలో ఆవకాయ మానమంటే ఎవరు ఒప్పుకుంటారు? కానీ బి.పి. ఉన్నవాళ్ళకు ఉప్పు తగ్గించమని ఇంగ్లీషు డాక్టర్లు కూడా చెబుతారు. ఆ మాట వినాల్సిందే. ఒంటి బరువు తగ్గితే మోకాళ్ళకు సుఖం. మలబద్ధకం, గ్యాసు కూడా తిండి మారితే చాలా మందికి తగ్గుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. నిదానంగా చదవండి.

షుగరు బిళ్ళలు మింగుతూ ఉపవాసం ఉంటే ప్రమాదం. ఒళ్ళు చెమటలు పడుతుంది. చేతులు వణుకుతాయి. స్పృహ తప్పవచ్చు. తేనె నీళ్ళు తాగి ఉపవాసం ఉంటే ఫర్వాలేదు అనుకోకండి. తేనె కూడా షుగరు పెంచుతుంది. ఇన్సులిన్ సూది వేసుకునేవారు దాన్ని ఆపేస్తే ప్రాణానికే ముప్పు. బి.పి., మూర్ఛ బిళ్ళలు కూడా సొంతంగా ఆపకూడదు. ఆపాలన్నా, తగ్గించాలన్నా ఆ మందు రాసిన డాక్టరే చెప్పాలి. టి.బి. బిళ్ళలు కనీసం ఆరు నెలలు వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు మొండిదవుతుంది. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు ఇలాంటి ఉపవాసాలు చెయ్యకూడదు.

పాము కరిచినా, గుండెల్లో నొప్పి వచ్చినా, ఎముక విరిగినా, రక్తం ఆగకపోయినా ప్రకృతి వైద్యం పనికి రాదు. 108కి ఫోను చెయ్యాలి. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. నాట్ల రోజుల్లో ఈ సంగతి ఇంకా బాగా గుర్తుండాలి.

అసలు డాక్టరో కాదో ఎలా తెలుస్తుంది? బోర్డు చదవండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు కదా! బి.ఎన్.వై.ఎస్. అనే డిగ్రీ ఉండాలి. ఇంటర్ తరువాత అయిదున్నర ఏళ్ళ చదువు అది. హైదరాబాదు అమీర్‌పేటలో దానికి ప్రభుత్వ కళాశాల ఉంది. నాలుగు పుస్తకాలు చదివి సలహాలు చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. కానీ డాక్టర్లు కారు. "క్యాన్సర్ తగ్గిస్తాం, గ్యారంటీ" అని ఎవరైనా అంటే అక్కడ డబ్బు కట్టకండి.

కొన్ని చోట్ల వారం, పది రోజులు ఉండమంటారు. గదికి ఎంత, తిండికి ఎంత, చికిత్సకు ఎంత అని ముందే కాగితం మీద రాయించుకోండి. రసీదు అడగండి. కూలి పోయే రోజులు కూడా లెక్క వేసుకోండి.

మీరే రాయండి

ఒక కాగితం తీసుకోండి. ఈ కింది మాటలు రాసి, పక్కన మీ వివరాలు నింపండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ఈ కాగితం చూపించండి. మందుల పేర్లు బిళ్ళల అట్ట మీద ఉంటాయి. ఇంగ్లీషు రాకపోతే ఆశా కార్యకర్తను అడిగి తెలుగులో రాసుకోండి.

నా పేరు:
నా వయసు:
నాకు ఉన్న జబ్బులు:
నేను రోజూ వాడే మందులు:
ఏ మందు నాకు పడదు: