ఒంగోలు జాతి: జొన్న చొప్ప నుంచి బ్రెజిల్ పచ్చిక దాకా

గుండ్లకమ్మ, మూసీ పరీవాహక ప్రాంతం ఒంగోలు పశువులకు పుట్టిల్లు. ఇక్కడి నల్లరేగడి రైతుకు ఒకప్పుడు పొలం, కొట్టం ఒకే సేద్యం. జొన్న వేస్తే గింజ ఇంటికి, చొప్ప ఎడ్లకు. మాగాణిలో వరి కోతకు ముందే పిల్లిపెసర చల్లితే, కోతయ్యాక పచ్చిమేత అందేది. అది పప్పుజాతి పైరు కనుక నేలకు నత్రజనీ చేరేది.

పత్తి, మిరప వచ్చి ఈ లంకెను తెంపాయి. పత్తి గింజల చెక్క మంచి దాణాయే, కానీ చొప్పకు బదులు కాదు. మిరప కట్టె అసలు మేతే కాదు.

ఇక్కడ దుక్కికీ పాలకూ పెంచిన ఈ జాతే బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో ప్రధాన మాంసపు జాతి అయింది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కనుక ఆ పేరు. బ్రెజిల్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా మొక్కజొన్నలో బ్రాకియారియా గడ్డిని అంతరపంటగా వేయించింది. కండెలు కోశాక ఆ గడ్డిలోనే మందలు మేస్తాయి, తర్వాత అదే నేలలో సోయా విత్తుతారు. మన రైతు ఎరిగిన సూత్రాన్ని వాళ్లు నిలబెట్టుకున్నారు. మనం వదులుకోవడం బాధాకరం.

ఇక జాతి రక్షణ సంగతి: మన ఆంధ్రప్రదేశ్‌లో గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం 1977 నాటిది. గుంటూరు దగ్గరి లాం పశు పరిశోధన స్థానం ఒంగోలు మందను పోషిస్తోంది. 2002 జాతీయ క్రీడల చిహ్నం ‘వీర’ కూడా ఒంగోలు గిత్తే.

జొన్న మేపేటప్పుడు పశువు ప్రాణానికి ముప్పు తెచ్చేది ‘నాము’ అనే విషం. లేత జొన్నలో, బెట్టకు వాడిన జొన్నలో హైడ్రోసయానిక్ ఆమ్లం ఏర్పడుతుంది. అందుకే పూతకొచ్చాకే కోసి మేపాలి. విరుగుడు సోడియం థయోసల్ఫేట్.