ఉత్తరాల్లో రాయని సంగతి

1980ల్లో కోరుట్లలో పంతులుగా ఉన్నప్పుడు దుబాయి, మస్కట్, సౌదీ నుంచి వచ్చే ఉత్తరాలు చాలా ఇళ్లవాళ్లకు నేనే చదివిపెట్టేవాణ్ని. అన్నిట్లోనూ 'నేను క్షేమం'. అక్కడ పడ్డ మాటలు మాత్రం తిరిగొచ్చాక, ఏళ్లు గడిచాక, పక్కన ఎవరూ లేనప్పుడు చెప్పేవారు. విన్నదాంట్లో నాకు తేలినవి ఇవి.

1. దెబ్బ కన్నా, చూసినవాడు ఎక్కువ గుర్తుంటాడు. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపి సౌదీ పోయిన ఒకతను ఫోర్‌మన్ చేతిలో చెంపదెబ్బ తిన్నాడు. "కొట్టినందుకు గాదు సార్, మనూరి పిలగాడు పక్కనే ఉండె" అన్నాడు నాతో.

2. అప్పు నోరు కట్టేస్తుంది. మిత్తికి తెచ్చి ఏజెంటుకు కట్టి పోయినవాడు, పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) చేతిలో పెట్టి, పశువా అని తిట్టినా తల వంచుకునే ఉంటాడు. అప్పట్లో పనీ వీసా రెండూ ఆ ఒక్క యజమాని దగ్గరే. వదిలి పారిపోతే ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి; పోలీసులకు దొరికితే జైలు. ఎదురు చెప్పే దారే ఉండేది కాదు. కానీ కొన్నేళ్లకు దారి లేదన్న సంగతి మరిచిపోతాడు. తాను నోరు మెదపలేదన్నదే గుర్తుంటుంది. తనను తానే పిరికివాడని తీర్మానించుకుంటాడు. నేను చూసిన సిగ్గులో సగానికి పైగా ఇదే.

3. ఒకే పనికి పాస్‌పోర్టును బట్టి జీతం మారే చోట చాలాకాలం ఉంటే, తన విలువ అంతేనేమో అని మనిషికి అనుమానం మొదలవుతుంది. దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకు నడిచిన తాతల మనవలకు ఆ అనుమానం తొందరగా పట్టుకుంటుంది. ఇంకోటి: అంతా మనవాళ్లే ఉన్న క్యాంపు గదిలోనూ మాదిగ పిల్లవాడి గిన్నె వేరుగా ఉండేదని ఒకరు చెప్పారు. ఇది రాస్తే కొందరికి కోపమొస్తుంది. రానీ.

4. అవమానం ఒక్కడిదిగా ఉండనప్పుడు ఏమవుతుందో మా దగ్గరే తెలిసింది: 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర. వెట్టి చేసిన మనుషులు వేలల్లో కదిలారు. ఊళ్లలో దొరలకు చాకలి, మంగలి పనులు బంద్ పెట్టారు. అక్టోబర్‌లో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అంతదాకా ఇంట్లో కూడా చెప్పుకోని తిట్లను జనం సభల్లో, తిట్టినవాడి పేరుతో సహా చెప్పారు. ఒక్కడున్నప్పుడు తలవంపులైంది, అందరూ చెప్పేసరికి ఫిర్యాదయింది. సౌదీలో, యూఏఈలో కార్మిక సంఘం పెట్టుకునే హక్కే లేదు. అక్కడి అవమానం ఎవరిది వారి దగ్గరే ఉండిపోతుంది.

5. అమెరికా పోయినా, చదువూ డాలర్లూ అవమానానికి అడ్డం పడవు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఓలేతలో 'మా దేశం నుంచి పో' అని అరుస్తూ తెలుగు ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపారు. ఆ తర్వాత బయట తెలుగు మాట్లాడొద్దని పిల్లలకు చెప్పినవాళ్లున్నారు. భయంతో చెప్పారు, తప్పు పట్టను. కానీ నేరం తమ భాషదేనని పిల్లలకు అర్థమవుతుంది.

6. తిరిగొచ్చినవాణ్ని 'ఎంత తెచ్చినవ్' అని ముందుగా అడగకండి. అడిగితే ఆ మనిషి మీకు ఇంకేమీ చెప్పడు.